పని పట్టుకోవడమే వ్యాపారమా?

హైదరాబాద్ మెట్రో రైలు కట్టడానికి ప్రభుత్వం ఎంత గ్రాంటు ఇవ్వాలో చెప్పమని 2008లో కంపెనీలను అడిగారు. మేటాస్ ఇన్‌ఫ్రా నాయకత్వంలోని కూటమి అసలు గ్రాంటే అక్కర్లేదంది. పైగా ఒప్పంద కాలంలో తామే ప్రభుత్వానికి 30,311 కోట్ల రూపాయలు ఎదురు చెల్లిస్తామని రాసి పని దక్కించుకుంది. ఈ లెక్క నిలబడదనీ, దీని వెనక ఉన్నదల్లా భూముల మీద వచ్చే లాభమేననీ ఢిల్లీ మెట్రో కట్టిన ఇ. శ్రీధరన్ ప్రణాళికా సంఘానికి లేఖ రాస్తే, రాష్ట్ర ప్రభుత్వం ఆయన మీదే మండిపడింది. ఆ సెప్టెంబర్‌లో సంతకాలయ్యాయి. నాలుగు నెలలు తిరక్కుండానే, మేటాస్ వెనకున్న కుటుంబానిదే అయిన సత్యం కంపెనీ కుంభకోణం బద్దలైంది. 2009 జులైలో మెట్రో ఒప్పందం రద్దయింది. 2010లో మళ్లీ టెండరు పిలిస్తే ఎల్ అండ్ టీ 1,458 కోట్ల గ్రాంటు అడిగి పని తీసుకుంది.

ఒకే ఊరు, ఒకే ప్రాజెక్టు. ఒకరు 30 వేల కోట్లు ఇస్తామన్నారు, రెండేళ్లకు ఇంకొకరు దాదాపు పదిహేను వందల కోట్లు ఇమ్మన్నారు. ఆ గ్రాంటు తీసుకుని, రైలు నడిపి చూపించిన ఎల్ అండ్ టీ కూడా నష్టాలు భరించలేక తప్పుకుంటామంది. దాదాపు 13 వేల కోట్ల అప్పుతో సహా మెట్రోను తీసుకోవడానికి 2025 సెప్టెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 30,311 కోట్ల బిడ్‌ను ఘనవిజయంగా చూసిన రోజు ఎంత తప్పుడు లెక్క నడిచిందో ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

మేటాస్‌ను తిట్టి ఊరుకోవడం తేలిక. కానీ ఆ బిడ్‌కు ఊపిరి పోసిన నమ్మకం నిర్మాణ రంగంలో నిజాయితీగా బతికేవాళ్లలోనూ పాతుకుపోయి ఉంది. ముందు పని పట్టు, మిగతాది తర్వాత చూసుకుందాం. బిజినెస్ డెవలప్‌మెంట్ విభాగాన్ని కొలిచేది ఈ ఏడాది ఎన్ని కోట్ల ఆర్డర్లు తెచ్చారన్న ఒక్క అంకెతో. మూడు నెలలకోసారి కంపెనీలు షేర్ మార్కెట్‌కు చెప్పేది ఆ అంకే, పత్రికలు శీర్షిక పెట్టేదీ దానికే. ఆర్డర్ బుక్ లావెక్కితే కంపెనీ ఎదిగినట్టు, సన్నబడితే పడిపోయినట్టు. ఈ కొలత తప్పు. నిర్మాణంలో ఆర్డర్ అంటే అమ్మకం కాదు, నెత్తికెత్తుకున్న బాధ్యత. పని జరిగి, కొలతలు పడి, బిల్లు పాసై, డబ్బు బ్యాంకులో పడినప్పుడే అమ్మకం జరిగినట్టు.

సబ్బులమ్మే కంపెనీకీ నిర్మాణ కంపెనీకీ ఉన్న తేడా ఇదే. సబ్బు తయారయ్యాక ధర పెడతారు. భవనానికో, రోడ్డుకో, కాలువకో ధర ముందు చెప్పి తర్వాత తయారుచేస్తారు. స్టీలు ధర, డీజిల్ ధర, వానలు, భూసేకరణ, కోర్టు స్టేలు, అన్నీ ధర చెప్పేశాక వచ్చేవే. తప్పు ధరకు సబ్బు అమ్మినవాడు మర్నాడు ధర మార్చుకుంటాడు. తప్పు ధరకు ఫ్లైఓవర్ ఒప్పుకున్నవాడు మూడేళ్లు ఆ తప్పును మోస్తాడు.

లెక్క వేసి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. కేంద్ర ప్రజా పనుల శాఖ రేట్లలో సరుకు, కూలీ, యంత్రాల ఖర్చు మీద కాంట్రాక్టరు లాభం, ఓవర్‌హెడ్లు కలిపి 15 శాతం వేస్తారు. అంటే వంద రూపాయల ఖర్చయ్యే పనికి అంచనా 115 రూపాయలు. టెండరు తెరిచిన రోజు ఎవరు ఫోన్ చేసినా మొదట అడిగేది ‘ఎంత లెస్?’ అనే. ‘పదిహేను లెస్’ అంటే పోటీ కాస్త గట్టిగా ఉందనుకుంటారు, అంతే. 115లో 15 శాతం తీసేస్తే మిగిలేది 97 రూపాయల 75 పైసలు. లాభమూ పోయింది, ఆఫీసు ఖర్చూ పోయింది, అసలులోనే రెండు రూపాయల పావలా తగ్గింది. ఇంకా పని మొదలవలేదు, బిల్లు ఆలస్యమూ మొదలవలేదు. పాతిక శాతం లెస్‌కు కూడా పనులు పోతున్న రోజులివి.

మరి ఇంత లెస్ ఎందుకు వేస్తారు? కాంట్రాక్టర్లు లెక్క రానివాళ్లేం కాదు. అసలు కిటుకు మొబిలైజేషన్ అడ్వాన్సులో ఉంది. పెద్ద పని దక్కితే బ్యాంకు గ్యారంటీ మీద కాంట్రాక్టు విలువలో కొంత శాతం ముందే చేతికొస్తుంది. యంత్రాలు దించడానికి, క్యాంపు వేయడానికి ఇచ్చే డబ్బు అది. చాలా చోట్ల అది పాత సైటులో సిమెంటు డీలరు బాకీకి, రెండు నెలలుగా ఆగిన జీతాలకు, బ్యాంకు వడ్డీకి పోతుంది. కొత్త సైటు మొదలయ్యేసరికే చేయి ఖాళీ. దాన్ని నడపడానికి ఇంకో పని పట్టాలి, అది దక్కాలంటే ఇంకాస్త లెస్ వేయాలి. బయటివాళ్లకు కనిపించేది ఏటా పెరిగే ఆర్డర్ బుక్. లోపల జరిగేది పాత అప్పును కొత్త అప్పుతో తీర్చడం. కొత్త పనులు ఒక్క ఏడాది ఆగితే చాలు, మొత్తం బయటపడుతుంది.

ఇది తెలుగువాళ్ల జబ్బని ఎవరైనా అనుకుంటే బ్రిటన్ వైపు చూడాలి. అక్కడి రెండో అతిపెద్ద నిర్మాణ సంస్థ కారిలియన్ 2016 చివర తన దగ్గర 1,600 కోట్ల పౌండ్ల పనులు ఉన్నాయని గొప్పగా చెప్పుకుంది. 2017 జులై 10న అదే కంపెనీ తన కాంట్రాక్టుల్లో 84 కోట్ల 50 లక్షల పౌండ్ల నష్టం దాగి ఉందని ఒప్పుకుంది. సరిగ్గా వారం తర్వాత హెచ్‌ఎస్2 హైస్పీడ్ రైలు పనుల్లో 140 కోట్ల పౌండ్ల కాంట్రాక్టు దక్కించుకున్న కూటమిలో దాని పేరు కనిపించింది. ఆ రోజు షేరు ఎగిసింది! నష్టం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసి ఏడు రోజులే అయింది, ఇంకో ఆర్డర్ రాగానే మార్కెట్ చప్పట్లు కొట్టింది. ఆరు నెలలకు, 2018 జనవరి 15న, కంపెనీ లిక్విడేషన్‌కు వెళ్లింది. అప్పటికి ఖజానాలో ఉన్నది 2 కోట్ల 90 లక్షల పౌండ్లు, తీర్చాల్సినవి దాదాపు 700 కోట్లు. సరఫరాదారులకు 120 రోజుల గడువు పెట్టి వాళ్ల డబ్బుతోనే కంపెనీ నడిచిందని ఆ తర్వాత అందరికీ తెలిసింది. మూసేసిన రోజున రెండు పెద్ద ఆసుపత్రులు సగంలో నిలిచిపోయాయి.

మన దగ్గర పేర్లకు కొదవ లేదు. లాంకో ఇన్‌ఫ్రాటెక్ కాంట్రాక్టుల నుంచి విద్యుత్ ప్లాంట్లకు, అక్కడి నుంచి 2011లో ఆస్ట్రేలియాలోని గ్రిఫిన్ బొగ్గు గనుల దాకా వెళ్లింది. దాని నిర్మాణ ఆర్డర్లలో పెద్ద భాగం సొంత విద్యుత్ ప్రాజెక్టులవే. అంటే ఒక చేత్తో పని ఇచ్చి ఇంకో చేత్తో తీసుకోవడం. 2017 జూన్‌లో రిజర్వు బ్యాంకు దివాలా ప్రక్రియకు పంపిన మొదటి పన్నెండు పెద్ద ఖాతాల్లో లాంకో ఒకటి, మరుసటి ఏడాది ఆగస్టులో లిక్విడేషన్ ఉత్తర్వు వచ్చింది. ఐవీఆర్‌సీఎల్ చెన్నై దగ్గర మింజూరులో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు కట్టడంలో భాగస్వామి. నీటి పనుల్లో నిజమైన నైపుణ్యం ఉన్న కంపెనీ. కోల్‌కతాలో వివేకానంద రోడ్డు ఫ్లైఓవర్ పని కూడా 2009లో దానికే దక్కింది. గడువు మీద గడువు దాటుతూ పోయిన ఆ ఫ్లైఓవర్ 2016 మార్చి 31న కూలి పాతిక మందికి పైగా చనిపోయారు. కూలడానికి కారణాలు తేల్చేది కోర్టులు. రెండు కిలోమీటర్ల పైచిలుకు ఫ్లైఓవర్ ఏడేళ్లకూ ఎందుకు పూర్తి కాలేదన్నది మాత్రం వ్యాపార ప్రశ్న. దక్కిన రోజున ఆర్డర్ బుక్‌లో ఆ పని ఒక ప్లస్. 2018లో ఐవీఆర్‌సీఎల్ కూడా దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

ఆర్డర్ బుక్‌ను ఆస్తిగా చూడకూడదని చెప్పే ఒక కాగితం ప్రతి కాంట్రాక్టరు బల్ల మీదా ఉంటుంది. అది టెండరు ఫారమే. బిడ్ కెపాసిటీ లెక్కకు ఇంజినీరింగ్ శాఖలు వాడే సూత్రం ‘రెండు ఏఎన్ మైనస్ బీ’. ఏ అంటే గత అయిదేళ్లలో ఏదో ఒక ఏడాది చేసి చూపిన అత్యధిక పని విలువ, ఎన్ అంటే కొత్త పని పూర్తి చేయాల్సిన కాలం ఏళ్లలో. బీ అంటే ఆ కాలంలో చేయాల్సిన, ఇప్పటికే చేతిలో ఉన్న పనులు. శాఖను బట్టి రెండుకు బదులు ఒకటిన్నరో, ఇంకో అంకో ఉండొచ్చు, బీ ముందు మైనస్ మాత్రం మారదు. చేసిన పని బలం, చేయాల్సిన పని బరువు అని ప్రభుత్వ ఇంజినీర్లకు ఎప్పుడో తెలుసు. అదే బీని పెద్ద అక్షరాలతో అచ్చువేసి వృద్ధి అని చూపించేది కంపెనీల ప్రజెంటేషన్లే.

పైగా ఆ బీ చేతిలో ఉంటుందన్న నమ్మకమూ లేదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారగానే అమరావతి పనులు ఎక్కడివక్కడ ఆగాయి. సగం లేచిన టవర్లు, తుప్పు పట్టిన ఇనుప చువ్వలు ఏళ్ల తరబడి అలాగే నిలబడ్డాయి. పనులు మళ్లీ ఊపందుకుంది 2025లో. ఆర్డర్లన్నీ అసలైనవే, సంతకాలూ అసలైనవే. 2019లో పనులు ఆగినప్పుడు నిర్మాణ సంస్థ ఎన్‌సీసీ ఆ ఏపీ పనులను తన ఆర్డర్ బుక్ నుంచి తీసేసింది. ఆ ఆర్థిక సంవత్సరంలో ఆదాయం 12 వేల కోట్ల స్థాయి నుంచి 8 వేల కోట్ల స్థాయికి జారింది. ఆ పూట మార్కెట్‌కు అది వైఫల్యంలా కనిపించి ఉండొచ్చు. కానీ ఆ కంపెనీ ఇవాళా పనులు చేస్తోంది. 1978లో మొదలైన సంస్థ తన సాటి కంపెనీలు కూలుతున్నా నిలబడిందంటే, చిన్నదిగా కనిపించడానికి భయపడకపోవడం అందులో ఒక కారణం.

ఈ వాదనకు కాంట్రాక్టర్ల దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. యంత్రాలు ఖాళీగా ఉంటే ఈఎంఐ ఆగదు, ఇంజినీర్లు వెళ్లిపోతారు, టర్నోవర్ తగ్గితే రేపు టెండరుకు అర్హతే ఉండదు. ఇందులో నిజం లేకపోలేదు. అర్హత నిబంధనలు గత టర్నోవర్‌ను అడుగుతున్నంత కాలం చిన్న కంపెనీ మీద ఆ ఒత్తిడి ఉంటుంది. అయినా ఒక్క మాట ఆలోచించాలి. షెడ్డులో నిలబడ్డ ఎక్స్‌కవేటర్‌కు అయ్యేది ఈఎంఐ మాత్రమే. నష్టపు సైటులో తిరిగే ఎక్స్‌కవేటర్‌కు ఈఎంఐ, డీజిల్, ఆపరేటరు బత్తా, రిపేర్లు, వాటి పైన ఆగిన బిల్లు మీద వడ్డీ. అర్హత కాపాడుకోవడానికి ఏటా పెట్టుబడి కరిగించుకునే కంపెనీ అయిదేళ్ల తర్వాత ఆ అర్హతతో ఏం చేస్తుంది?

తక్కువకు వేసిన తేడా ఎక్కడికీ మాయం కాదు. కొంత సిమెంటులోంచి తగ్గుతుంది, ఎక్కువ భాగం కూలీ దగ్గర తగ్గుతుంది. ప్రధాన కాంట్రాక్టరు నుంచి సబ్ కాంట్రాక్టరుకు, అతని నుంచి పీస్‌వర్కరుకు, అక్కడి నుంచి గుంపు మేస్త్రీకి పని చేతులు మారుతుంది. ప్రతి చేయీ తన కమీషన్ తీసుకుని రేటు దించుతుంది. పాలమూరు జిల్లా నుంచి తరతరాలుగా దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టిన కూలీల కుటుంబాలకు ఈ గొలుసు చివర ఏం మిగులుతుందో బాగా తెలుసు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా ఊరికి పోయే వీలుండదు. ‘20 శాతం ఆదా చేశాం’ అని ప్రభుత్వం చెప్పుకున్నప్పుడు ఆ ఆదా ఎవరి ఇంట్లోంచి వచ్చిందో ఎవరూ అడగరు.

రెండో వైపు తప్పు ప్రభుత్వాలది. పని పూర్తయ్యాక అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) కొలతలను కొలతల పుస్తకం (ఎం-బుక్)లో రాయాలి, డీఈ సరిచూడాలి, ఈఈ సంతకం పెట్టాలి, బిల్లు ఆన్‌లైన్‌లో ఎక్కాలి, టోకెన్ పడాలి. టోకెన్ పడ్డాక డబ్బు ఎప్పుడు పడుతుందో చెప్పేవారుండరు. ఇదే అలవాటుగా మారితే ఏమవుతుందో 2021 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ చూసింది. రోడ్ల మరమ్మతులకు టెండర్లు పిలిస్తే చాలాచోట్ల ఎవరూ ముందుకు రాలేదు. కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబర్‌లో ఇచ్చిన మార్గదర్శకాల్లో అర్హమైన రన్నింగ్ బిల్లులో కనీసం 75 శాతాన్ని పది పనిదినాల్లో చెల్లించాలని ఉంది. రాష్ట్రాలు ఈ మాటను తమ ఒప్పందాల్లోకి తెచ్చి, ఆలస్యానికి వడ్డీ కలిపి చెల్లిస్తే, లెస్‌ల పిచ్చి సగం తగ్గుతుంది. డబ్బు ఎప్పుడొస్తుందో తెలిసినవాడే సరైన ధర రాయగలడు.

ప్రభుత్వం మారేదాకా కంపెనీలు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. బిజినెస్ డెవలప్‌మెంట్ వాళ్లు టెండరు ఫారం కొనే ముందు కనుక్కోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఈ పనికి బడ్జెట్‌లో డబ్బు కేటాయించారా, జీవో ఒక్కటే ఉందా? భూమి ఎంత చేతికొచ్చింది? స్టీలు, సిమెంటు పెరిగితే తేడా ఇచ్చే క్లాజు ఉందా? ఆ శాఖ గత ఏడాది బిల్లులు ఎన్ని నెలలకు ఇచ్చింది? ఈ సమాధానాలు ఏ రహస్య ఫైళ్లలోనూ ఉండవు, ఆ శాఖలో పనిచేసిన పాత కాంట్రాక్టరును అడిగితే టీ తాగేలోపు చెబుతాడు. సమాధానాలు బాగాలేకపోతే వెనక్కి రావాలి. అలా వెనక్కి వచ్చిన టెండర్లనూ బోర్డు ముందు పెట్టాలి, కారణాలతో సహా. ఆర్డర్ తెచ్చినందుకు ఇచ్చే బోనస్‌లో సగాన్ని ఫైనల్ బిల్లు డబ్బు జమయ్యేదాకా ఆపాలి. మూడు నెలల ఫలితాల్లో కొత్త ఆర్డర్ల అంకె పక్కనే, ఆ మూడు నెలల్లో పాత పనుల మీద వసూలైన నగదును అంతే పెద్ద అక్షరాల్లో వేయాలి.