ఎనభై మెట్లు

హైదరాబాదులో మేము నివసించే అపార్టుమెంటులో ఒక నియమం కలదు. ఇంటి మరమ్మతులకు తెప్పించే సిమెంటు, ఇసుక, టైల్సు, రాళ్ళు లిఫ్టులో ఎక్కించరాదు; మెట్ల మీదుగానే మోయించుకొనవలెను. ఆరేళ్ళ క్రితం సంఘం కార్యదర్శిగా ఆ నియమాన్ని వ్రాసి, సంతకం చేసి, నోటీసు బోర్డుకు అంటించినవాడను నేనే. ఒక్క వ్యాకరణ దోషమైనా లేకుండా వ్రాశానని అప్పట్లో కొంత గర్వం కూడా ఉండేది. ఆ నియమం తప్పని ఇప్పుడు చెప్పదలచాను.

ఈ వేసవిలో మా వంటగదినీ, రెండు స్నానాల గదులనూ బాగుచేయించవలసి వచ్చింది. మాది నాలుగవ అంతస్తు. 12 బస్తాల సిమెంటు, 30 కిలోల చొప్పున 80 సంచుల ఇసుక కావాలన్నాడు మేస్త్రీ. పాలమూరు నుండి వలస వచ్చిన దంపతులు మోతకు కుదిరారు. కూలి అంతస్తుకు ఇంత అని లెక్క. నేనూ బేరమాడాను, దాచుకోవడమెందుకు.

రెండవరోజు మధ్యాహ్నం నేను దిగుతూ ఉంటే, మూడవ అంతస్తు మలుపులో ఆ అమ్మాయి చుట్టకుదురు మీద సంచితోనే గోడకు ఆనుకొని నిలబడి ఉంది. "కాసేపు దింపుకోమ్మా" అన్నాను.

"దించితే మల్ల ఎత్తెటోళ్ళెవరు సార్?" అంది. తరువాత, నేనేమీ అడగకుండానే, "లిఫ్టు ఖరాబైతదని రాసి పెట్టిన్రంట" అంది. వ్రాసినదెవరో ఆమెకు తెలియదు.

ఆ సాయంత్రం లెక్క వేశాను. నేల నుండి మా గడపకు 80 మెట్లు. 80 సంచులకు 6400 మెట్లు ఎక్కడం, అన్నే దిగడం. సిమెంటు దీనికి అదనం. మా లిఫ్టులో 'ఆరుగురు, 408 కిలోలు' అని పలక ఉంది. అంటే మనిషికి 68 కిలోలు. ఒక మనిషీ, పది సంచులూ కలిస్తే 368 కిలోలు. ఎనిమిది మార్లలో ఇసుక అంతా పైకి చేరేది! ఆరుగురం నిండుగా ఎక్కినా కిమ్మనని యంత్రానికి ఈ బరువొక లెక్కా?

నియమానికి కారణం లేకపోలేదు. ఇసుక రేణువులు తలుపు జరిగే గాడిలో పడితే తలుపు పట్టేస్తుంది. టైల్సు అంచులు తగిలి గోడలు గీసుకుపోతాయి. కాని దానికి మందు నిషేధమా? అడుగున ఒక ప్లైవుడ్ పలక, గోడలకు గోనెపట్టాలు, మూతి గట్టిగా కట్టిన సంచులు, బరువు నడిమధ్యన, పని కాగానే గాడి ఊడ్పించడం, పదకొండు నుండి నాలుగు గంటల వరకు సమయం - ఇంతే కదా. నిషేధం ఒక్క వాక్యంలో వ్రాయవచ్చు గనుక నేను అదే వ్రాశాను.

సిమెంటు బస్తా 50 కిలోలే, అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చెప్పిన 55 కిలోల హద్దు లోపలే ఉన్నదన్నాడొక మిత్రుడు. నిజమే. అయితే ఆ హద్దు పురుషులకు; స్త్రీలకు అంతకన్న బాగా తక్కువ ఉండాలని ఆ సిఫారసులోనే ఉంది. 'భృ' ధాతువుకు మోయడం, పోషించడం రెండూ అర్థాలనీ, భారమూ భృత్యుడూ అక్కడ పుట్టినవేననీ ఎన్నో ఏళ్ళు పిల్లలకు వల్లె వేయించాను. మెట్ల మలుపులో మాత్రం జ్ఞాపకం రాలేదు.

లిఫ్టులో పట్టనివీ ఉంటాయి. వంటగట్టుకు తెచ్చిన చీమకుర్తి నల్లరాయి 8 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు; బరువు 80 కిలోల పైమాటే. నలుగురు మోస్తూ ప్రతి మలుపులోనూ నిలువుగా తిప్పవలసి వచ్చింది. ఒకరి వ్రేళ్ళు రాతికీ గోడకూ మధ్య నలిగాయి. సింకు దగ్గర అతుకు వచ్చేలా కొట్టులోనే రెండు ముక్కలు చేయించి ఉంటే సరిపోయేది. ప్లైవుడ్ కూడా కొలతలిచ్చి క్రిందనే కోయించడం మేలు. బాల్కనీ నుండి మోకుతో లాగించే పద్ధతి ఉన్నది గాని, క్రింద పిల్లలు ఆడుకునే చోట దానిని నేను ఒప్పను.

వచ్చే ఆదివారం సంఘం సమావేశంలో నియమాన్ని సవరించమని అర్జీ పెడుతున్నాను. "సంతకం మీదే కదా మాస్టారూ?" అని ఎవరైనా అడుగుతారు. ఔననే అంటాను. పగలగొట్టిన పాత టైల్సు 35 సంచులు ఇంకా మా వరండాలోనే ఉన్నాయి. అంతవరకూ వాటిని దింపించవద్దని మేస్త్రీకి చెప్పాను.