క్వారీ గుంటలో నీళ్లు తోడించి డ్రోన్ సర్వే మళ్లీ చేయించాలని వినతి

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,
కొండ కింద రైతులు సమర్పించుకొను వినతిపత్రం.

అయ్యా,

మా కొండ మీది కంకర క్వారీలో అనుమతికి మించి తవ్వుతున్నారని మేం పెట్టుకున్న అర్జీకి, డ్రోన్‌తో కొలిపించామని, తేడా ఏమీ లేదని జవాబు వచ్చింది. డ్రోన్ అంటే మాకు గిట్టక కాదు. గుంట అంచున గొలుసు పట్టుకుని ఎవరూ ప్రాణం మీదికి తెచ్చుకోకుండా పని జరిగితే మంచిదే. కానీ అది ఎగిరింది వానలకు గుంట నిండిన రోజుల్లో. పైనుంచి తీసే ఫొటోల్లో నీటి మట్టమే అడుగుగా లెక్కకొస్తుంది. నీళ్ల కింద తవ్వుకుపోయిన రాయి ఏ కాగితంలోనూ లేదు, దాని సీనరేజీ లేదు.

ఎత్తుల లెక్కకు ఆధారమని నేల మీద సున్నంతో ప్లస్ గుర్తులు వేశారు. అందులో ఒకటి వేసింది పోసిన మట్టి గుట్ట మీద! వాన పడితే జారే గుట్ట అది. ఫొటో జతచేశాం, తమరే చూడండి.

ఆ గుట్టే హద్దురాయి దాటి మా డొంకను పూడ్చింది. బండ్ల మాట అటుంచి, మందు డబ్బా వీపున వేసుకున్న మనిషి కూడా చుట్టు తిరిగి పోవాలి. డ్రోన్ సర్వే మ్యాపేమో లీజు హద్దు దగ్గరే ఆగిపోయింది. 50 హెక్టార్లు, ఆపైన ఉన్న గనులైనా, ఏటా 10 లక్షల టన్నులు, ఆపైన తవ్వే గనులైనా హద్దు బయట 100 మీటర్ల దాకా డ్రోన్ చిత్రాలివ్వాలని కేంద్రం 2021 నవంబరులో నిబంధన తెచ్చింది. అది ప్రధాన ఖనిజాలకేనని, కంకరకు వర్తించదని మాకు తెలుసు. తమరు తలచుకుంటే ఆ 100 మీటర్లూ ఇక్కడా కొలిపించగలరని మా ఆశ.

2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలోనూ డ్రోన్లే ఎగిరాయి. అప్పుడు నోటీసులిచ్చి, గట్ల మీదికి పిలిచి హద్దులు చూపించమన్నారు. కొండ దగ్గరికొచ్చేసరికి ఎవరికీ కబురే లేదు.

కనుక నీళ్లు తోడించి, గ్రామ సర్వేయరు, ఊరి పెద్దల ఎదుట మళ్లీ కొలిపించండి. తోడటం కుదరదంటే పడవ వేసి లోతు కొలిచి ఆ లెక్క కలపండి. తోడే నీళ్లు మాత్రం మా నారుమళ్ల మీదికి వదలనివ్వకండి. ఏ ఏడాది కొలతతో పోల్చి తేడా లేదన్నారో ఆ పాత నక్షా, కొత్త మ్యాపూ సచివాలయం నోటీసు బోర్డులో పెట్టించ ప్రార్థన.

ఇట్లు,
కొండ కింద రైతులు

జత: సున్నపు గుర్తు ఫొటో, డొంక చూపే గ్రామ నక్షా నకలు