కాలువ త్రవ్వినవారి విశ్వాసము

క్రైస్తవులైన మన తోటి విద్యార్థులను గూర్చి ఒక మాట అప్పుడప్పుడు వినవచ్చుచుండును: వీరి పూర్వులు కూటికొఱకు మతము పుచ్చుకొన్నవారు అని. అనువారు తఱచుగా ద్వేషముతో అనరు. పెద్దలు అనగా విని, పరిహాసముగా అందురు. ఆంగ్లేయులు సైతము ఇట్టివారికి “బియ్యపు క్రైస్తవులు” అని యొక పేరు కల్పించిరి. మాట చిన్నది. కాని దాని క్రింద చరిత్రకు సంబంధించిన పెద్ద ఆరోపణ దాగియున్నది. ఆరోపణ యన్నప్పుడు సాక్ష్యము విచారింపవలయును గదా! ఆ సాక్ష్యములో కొంత మన చెన్నపట్టణము నడుమనే, బకింగుహాము కాలువ రూపమున పడియున్నది.

ఆ కాలువ ప్రక్కన పోవువారు నేడు ముక్కు మూసికొని పోవుదురు. ఎత్తున పోవు రైలుమార్గపు స్తంభములు దాని గర్భముననే నాటబడినవి. ఒకప్పుడు అది ఉప్పును, కట్టెలను, ధాన్యమును మోసిన పడవల దారి. 1806 ప్రాంతమున చెన్నపట్టణమునుండి ఎన్నూరువఱకు మొదలై, క్రమముగా పెరిగి, ఆంధ్రదేశమున పెదగంజామునుండి తమిళనాట మరక్కాణమువఱకు సుమారు 420 కిలోమీటర్ల పొడవైనది. అందులో 250 కిలోమీటర్లకు పైగా తెలుగుగడ్డమీదనే యున్నది. మదరాసు గవర్నరగు బకింగుహాము ప్రభువు పేరు దానికి వచ్చుటకు కారణము 1876–78 నాటి మహాక్షామము. మనవారు ధాత కరవు అనునదియు, మన తమిళ మిత్రులు తాదు వరుషపు పంజమని చెప్పుకొనునదియు అదియే.

ఆ కరవున అరకోటికి పైగా జనులు మరణించిరి. ప్రభుత్వము పనులు పెట్టి కూలి యిచ్చు పద్ధతి నవలంబించెను. కాలువ త్రవ్వకము అట్టి పనులలో నొకటి. ఆ కూలి యెంతయో మన పిల్లలు తెలిసికొనదగినది. 1877 ఆరంభమున భారతప్రభుత్వము పంపగా వచ్చిన సర్ రిచర్డు టెంపులు, దినమంతయు మన్ను మోయు పురుషునకు ఒక పౌను ధాన్యము, అనగా అరకిలోకు తక్కువ, దానితో కొద్దిపాటి కాసులు చాలునని నిర్ణయించెను. మదరాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిషు ఆ కొలతతో పనివాడు బ్రదుకజాలడని గట్టిగా వాదించెను. కొన్ని నెలలకు కొలత పెంపబడెను. ఆ కొన్ని నెలలలో పోయినవారు తిరిగి రాలేదు.

ఇప్పుడు ఒంగోలు సంగతి చూతము. అది నాడు నెల్లూరు జిల్లాలోనిది. అమెరికా బాప్తిస్టు సంఘమువారు 1836లో తెలుగుదేశమునకు వచ్చి, 1840లో నెల్లూరున కుదురుకొనిరి. చాలకాలము ఫలితము స్వల్పమగుటచే, ఈ పని మానివేయుద మని వారి దేశముననే చర్చలు జరిగెను. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు చేరెను. మతబోధకుడు కాకపూర్వము ఆయన భూములు కొలుచు సర్వేపనివారితో కలిసి తిరిగినవాడు. ఆ విద్య ఒంగోలులో అక్కఱకు వచ్చునని ఆయన తలంచియుండడు.

కరవు పనులలో చేరిన మాదిగవారికి మేస్త్రీలవలన బాధలు కలుగుచుండెను. వారు చేసిన పనికి కొలత తగ్గించుట, తిట్టుట, కొట్టుట. ఆకలి అందఱిని సమానము చేయునందురు, చేయలేదు. క్లౌ కాలువలో సుమారు మూడు మైళ్ళ భాగమును తానే కంట్రాక్టుగా తీసికొని, తన తెలుగు బోధకులను మేస్త్రీలుగా నియమించి, వేలకొలది జనులకు పని యిచ్చెను. త్రవ్విన మన్నునకు సరియైన కొలత, కొలతకు సరియైన కూలి. ఇది ధర్మము చేయుట కాదు. పలుగు పట్టినవాని చేతిలో వాని కష్టార్జితము పడినది. అన్నసత్రమునకును ఈ పనికిని గల భేదమును మన పాఠకులు గమనింపవలెనని కోరుచున్నాము.

వారిలో బాప్తిస్మము కావలెనని అడిగినవారు పెక్కుమంది. క్లౌ ఇయ్యలేదు. కరవు సాగినంతకాలము, ఏడాదికి మించి, ఒక్కరికిని ఇయ్యలేదు.

మా అభిప్రాయమున ఈ కథయందలి ముఖ్యవిషయము ఇదియే. ఆకలిగొన్నవాడు ఔనను మాటకు విలువ లేదు, కాదనుటకు వానికి శక్తి లేదు గనుక. ధాన్యపు కొట్టు తాళముచెవి ఎవని చేతిలో నుండునో, వాడు ఎదుటివాని అంతరాత్మను ఆ దినమున అడుగరాదు. పాదరికి చెల్లు ఈ నియమము మఠాధిపతికిని చెల్లును, వోట్లకొఱకు బియ్యము పంచు రాజకీయపక్షమునకును చెల్లును.

అయితే ఆ విభజన సంపూర్ణమైనదని మేము చెప్పజాలము. మేస్త్రీలు బోధకులే, సాయంకాలము పని ముగిసినపిమ్మట వారు తమ మతమును గూర్చి మాటలాడిరి. కూలి న్యాయముగా నిచ్చినవాని మాట చెవి కెక్కుట సహజము. దీనినే కొందఱు లోపమందురు. మాకు మాత్రము కృతజ్ఞత లంచము కాదని తోచుచున్నది. తన్ను తిట్టక పేరు పెట్టి పిలిచినవాని వైపు మనుష్యుని మనసు మొగ్గినచో, విచారింపవలసినది మొగ్గినవానిని కాదు, తిట్టినవానిని.

వర్షములు కురిసి, సహాయపు పనులు ముగియుచుండగా, 1878లో జనులు మరల వచ్చిరి. ఇక ధనము లేదు, పని లేదు అని వారికి ముందుగానే తెలుపబడెను. అయినను వచ్చిరి. ఆ సంవత్సరము జూలై 3వ తేదీన వెల్లంపల్లికడ గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దఱిద్దఱుగా నీటిలో నిలిచి, అలసినప్పుడు మఱియిద్దఱు దిగుచు, ఆ పని ముగించిరి. ఆ పెద్దసంఖ్యను చూచియే లోకము కరవును మతమును ముడివెట్టినది. తేదీల వరుసను చూడలేదు.

మఱియొక సంగతియు చూడలేదు. ఆ జనులలో మొదటివాడగు ఎఱ్ఱగుంట్ల పేరయ్య, తాళ్ళకొండపాడు వాస్తవ్యుడు, 1866లోనే క్రైస్తవుడాయెను. అప్పటికి కరవు పదేండ్ల దూరమున నున్నది. అంతకుపూర్వమే ఆయన యోగమార్గమున గురువుల నాశ్రయించి, సత్యమును వెదకుచుండిన జిజ్ఞాసువు. తోలుపని చేయువానికి జిజ్ఞాస యుండునా యని సందేహించువారు ఆయన కథ చదువవలెను. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రకటించిన “వైల్ సూయింగ్ శాండల్స్” అను ఆంగ్లగ్రంథమున మాదిగ వృద్ధులు చెప్పిన ఇట్టి వృత్తాంతములు కలవు. క్లౌ దొర పేరు ఎందఱో ఎఱుగుదురు. పేరయ్య పేరు ఎఱిగినవారు తక్కువ. కాలువ త్రవ్వినవారి పేర్లు ఏ పుస్తకమునను లేవు.

ఇదంతయు గతించిన కథ కాదు. మన పట్టణపు వీధులను శుభ్రపఱచు పనివారిలో నెల్లూరు, ఒంగోలు ప్రాంతములనుండి వచ్చిన తెలుగు కుటుంబములవారు తరతరములుగా నున్నారు. వారిలో క్రైస్తవులును కలరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకు పరిమితము చేసెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది విస్తరింపబడెను. క్రైస్తవులైన దళితులకు లేదు. వారిని వెనుకబడిన తరగతులలో చేర్చిన రాష్ట్రములు కలవు గాని, అది వేఱు మాట. క్రైస్తవమున కులము లేదుగదా, మఱి ఆ హోదా యెందులకని ప్రశ్నించువారు కలరు. గ్రంథమున లేదు, నిజమే. ఊరిలో ఉన్నది. ఇరుగుపొరుగువారు మనుష్యుని కులమును అతని గుడిని చూచి మఱచిపోరు. తమిళనాట కొన్ని క్రైస్తవ శ్మశానములలో సైతము కులమునకు గోడలు కట్టిరి. ఆ నేరము ప్రభుత్వముది కాదు, సంఘములదే. దానిని దాచుట మాకు ఇష్టము లేదు.

కాని ప్రభుత్వపు ప్రశ్నయు మాకు వింతగా నున్నది. కూటికొఱకు మతము మార్చినారని ఒక నింద. మతము మార్చినారు గనుక హక్కు లేదని ఒక శాసనము. రెండింటను పేదవాని విశ్వాసమునకు వెల కట్టబడుచున్నది. అంటరానితనపు గాయమునకు మందు వేయువాడు గాయమును చూడవలెను గాని, రోగి యే దేవుని ప్రార్థించునని అడుగనేల?

ఈ వ్యాసము చదువు తల్లిదండ్రులలో ఆ కాలువ వెంబడి, ఆ కరవు వెనుక, చెన్నపట్టణము చేరిన కుటుంబములవారు ఉండవచ్చును. ఐదాఱు తరములు గడచినను, ఇంటి ముసలివారి నోట ఒక ఊరిపేరో, ఒక తాతపేరో, పనిపాటయో మిగిలియుండును. మతమేదైనను సరే, అట్టివి విద్యార్థులు తెలుగులో వ్రాసి తెచ్చినచో, వచ్చు సంచికలో వారి పేర్లతో ప్రకటింతుము.