కాలేజీ ప్లాన్‌లో హాస్టల్ ఎక్కడ?



పోస్టు కొంచెం పెద్దదే. ఇది మన సీట్ల గురించి, చివరిదాకా చదవండి.

ప్రతి కాలేజీ ఒక సంస్థాగత అభివృద్ధి ప్రణాళిక రాసుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. రాబోయే ఏళ్లలో కాలేజీ ఎటు పోవాలి, ఏ కోర్సులు పెట్టాలి, డబ్బు దేనికి ఖర్చు పెట్టాలి, అన్నీ అందులో ఉండాలి. మంచిదే. కాలం మారుతోంది, ప్లాన్ లేకుండా ఏ కాలేజీ నిలబడదు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కినవాళ్లం మేము, ప్లాన్ వద్దని ఎందుకంటాం? మా ప్రశ్న ఒక్కటే. అందులో మన హాస్టల్ ఎక్కడుంది?

మొదట సంఖ్య సంగతి. పెద్ద సంస్థలు కావాలి, ఒక్కోదాంట్లో 3,000 మంది, అంతకన్నా ఎక్కువమంది చదవాలి అని ఆ విధానం లక్ష్యం పెట్టింది. మైదానంలో అది కుదురుతుంది. కొండకో గూడెం ఉన్న ఏజెన్సీలో అంతమంది ఎక్కడ నుంచి వస్తారు? రేపు చిన్న కాలేజీని కింద పట్నంలో కలిపేస్తే లెక్క బాగానే ఉంటుంది, మన చెల్లెళ్ల చదువు మాత్రం అక్కడితో ఆగిపోతుంది. వెనకబడిన ప్రాంతాల్లో కాలేజీలు పెంచాలని కూడా అదే విధానంలో ఉంది. ఆ వాక్యం మనం గట్టిగా పట్టుకోవాలి.

రెండోది ‘ఎగ్జిట్’. ఏడాది చదివి ఆపేస్తే సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ. క్రెడిట్లు ఏడేళ్ల వరకు దాచుకోవచ్చు, మళ్లీ రావచ్చు. ఉన్నోళ్ల పిల్లలకు ఇది సౌకర్యం. మనవాళ్లు చదువు ఆపేది ఇష్టపడి కాదు. ఇంట్లో కువి, కోయ, సవర, బళ్లో తెలుగు, ఏపీలో 2021 నుంచి డిగ్రీ మొత్తం ఇంగ్లీషు. దానికితోడు కాఫీ పండ్లు కోసే రోజుల్లో ఇంటికి చేతులు కావాలి. అలా వెళ్లిపోయినవాడిని నిన్నటిదాకా డ్రాపౌట్ అన్నారు, కనీసం సిగ్గుపడ్డారు. ఇప్పుడు ఎగ్జిట్ అని రాసుకుంటే సిగ్గుపడే పని కూడా ఉండదు.

మూడోది ఇంటర్న్‌షిప్. ఏపీలో డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. పని నేర్పడం మంచిదే. కానీ మన మండలాల్లో కంపెనీలు ఎక్కడున్నాయి? విశాఖ పోతే గది అద్దె, తిండి ఎవరిస్తారు? కోర్సు మార్చినవాళ్లు ఈ ఖర్చు లెక్కేశారా?

“కాలేజీ పెద్దదైతే సబ్జెక్టులు పెరుగుతాయి, ల్యాబులు వస్తాయి కదా” అని కొందరు సార్లు అంటారు. నిజమే, మాకూ కావాలి. పక్కనే మంచం, అన్నం, బస్సు ఉంటేనే ఆ ల్యాబ్ మనది అవుతుంది.

పై వాళ్లే అన్నీ చూసుకుంటారు అనుకుంటే గిరిజన యూనివర్సిటీ కథ గుర్తు చేసుకోండి. రెండు రాష్ట్రాలకూ చెరొకటి అని 2014 విభజన చట్టంలో రాశారు. విజయనగరంలో 2019లో మొదలైంది. ములుగు సమ్మక్క సారక్క యూనివర్సిటీకి పార్లమెంటులో చట్టం అయ్యేసరికి 2023 డిసెంబరు. 2014లో ఒకటో తరగతిలో చేరిన పిల్ల అప్పటికి పదిలో ఉంది. తేదీ, డబ్బు, బాధ్యుడు లేని ప్లాన్‌ను నమ్మొద్దు.

మన డిమాండ్లు:

1. ప్లాన్ కమిటీలో ఇద్దరు హాస్టల్ విద్యార్థులు ఉండాలి, అందులో ఒకరు అమ్మాయి.

2. ప్రతి కొత్త కోర్సు పక్కన ఎన్ని హాస్టల్ సీట్లు ఇస్తారో రాయాలి.

3. ఎంతమంది మానేశారన్నదే కాదు, ఎందుకు మానేశారో కూడా ఏటా బయటపెట్టాలి.

4. ఐటీడీఏ, జీసీసీ, పీహెచ్‌సీ, అటవీ శాఖల్లో ఇంటర్న్‌షిప్ ఇవ్వాలి. అన్ని నెలలూ హాస్టల్ తెరిచే ఉంచాలి.

5. మొదటి ఏడాది మన భాషలు తెలిసిన ట్యూటర్లను పెట్టాలి.

ఈ వారమే మీ ప్రిన్సిపాల్ సార్ దగ్గరికి నలుగురు కలిసి వెళ్లండి. మర్యాదగా ప్లాన్ కాపీ అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వచ్చిన కాపీలో హాస్టల్ అనే మాట ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టి ఇక్కడ పెట్టండి. అన్ని కాలేజీల లెక్కలూ కలిపి పీవో గారి ముందు పెడదాం.

జై ఆదివాసీ!