పొట్లంతో తీరని ఆకలి

పిల్లల పోషణ గురించి వెలువడే నివేదికలు, పుస్తకాలు తిరగేస్తే ఒకే తీరు లెక్కలు ఎదురవుతాయి: ఎన్ని పొట్లాలు పంచారు, అందులో ఎన్ని కేలరీలు, ఎంత మాంసకృత్తి. ఆ పొట్లం తిన్న బిడ్డతో ఎవరైనా మాట్లాడారా, ఆడారా అన్న ప్రశ్నకు వాటిలో చోటు అరుదు.

ఆ ప్రశ్నను జమైకాలో సూటిగా అడిగారు. 1986-87లో శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం కింగ్‌స్టన్ పేదవాడల్లో, వయసుకు తగ్గ ఎత్తు ఎదగని 129 మంది పసివాళ్లను ఎంచుకుంది. వాళ్ల వయసు 9 నుంచి 24 నెలలు. ఒక జట్టుకు వారానికి కిలో పాలపొడి మిశ్రమం ఇచ్చారు. మరో జట్టు ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారానికో గంట వెళ్లి, ఇంట్లో చేసుకునే బొమ్మలతో బిడ్డను ఎలా ఆడించాలో తల్లికి చూపారు. మూడో జట్టుకు రెండూ అందాయి. నాలుగోదానికి ఏదీ లేదు.

రెండేళ్లు గడిచేసరికి తిండీ మేలు చేసింది, ఆటా మేలు చేసింది. చక్కగా ఎదిగిన పిల్లల సరసకు చేరింది మాత్రం రెండూ అందినవాళ్లే. ఇరవయ్యేళ్లు దాటాక చూస్తే, ఆట అందినవాళ్ల సంపాదన మిగతావాళ్లకన్నా 25 శాతం ఎక్కువ. ఒక్క తిండితో కలిగిన మేలు అప్పటికి కనబడలేదు.

దీన్ని పట్టుకుని తిండి దండగ అనేవాళ్లూ బయలుదేరతారు. వాళ్లకు జవాబు గ్వాటెమాలాలో ఉంది. 1969-77 మధ్య అక్కడి పల్లెల్లో మూడేళ్లలోపే 'అటోలే' అనే పోషక జావ అందిన మగపిల్లలు, పెద్దయ్యాక గంటకు ఎక్కువ కూలి సంపాదించారు. తిండి తప్పనిసరి. తిండితోనే సరిపెట్టడం తప్పు.

తెలంగాణలో 7 నెలల నుంచి మూడేళ్ల దాకా బిడ్డకు నెలకు 2.5 కిలోల బాలామృతం ఇస్తారు. అంగన్‌వాడీ బడి ఆటపాటలు మొదలయ్యేది మూడేళ్లు నిండాకే. మెదడు అతివేగంగా ఎదిగే కాలంలో బిడ్డకు దక్కేది తూకం, టీకా, పొట్లం. ఆ పొట్లాన్నీ ఇంట్లో అన్నాఅక్కలు పంచుకుంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం.

మూడేళ్లలోపు పిల్లల ఆటపాటల కోసం కేంద్రం 2024లో 'నవచేతన' పేరిట మార్గదర్శకాలు తెచ్చింది. సంతోషమే. కానీ గడపగడపకూ వెళ్లవలసిన కార్యకర్త చేతిలో రిజిస్టర్లు, ఫోను, వంట లెక్కలు ఉన్నాయి. ఆ గంటకు వేతనమూ సమయమూ కేటాయించకపోతే మార్గదర్శకం బీరువాలోనే ఉంటుంది.

గోరుముద్ద తినిపిస్తూ కబుర్లు చెప్పడం తెలుగు తల్లికి ఒకరు నేర్పవలసిన విద్య కాదు. తెల్లవారకముందే కూలికి వెళ్లి పొద్దుగూకాక వచ్చే తల్లికి కరువైంది ఆ తీరికే. పొట్లం ఇచ్చి ఆమెనే తప్పుపట్టే ప్రభుత్వం, ముందు ఆ తీరికకు ఖర్చుపెట్టాలి.