ఈ కంచె నెవరు కట్టిరి?

“వారికి వేరుగ నొక చోటు ఉన్నది గదా! అచ్చట వారి యిష్టము వచ్చినట్లు సుఖముగ నుండవచ్చును. మనకు వారిపై ద్వేషమేమియు లేదు. మన వాకిట నిలువకున్న చాలును.” ఈ మాట పామరులది కాదు. చదువుకొన్నవారిది, సంస్కారప్రియులమని చెప్పుకొనువారిది, నిన్నమొన్నటి వరకు నాది కూడ. పురుషుని ప్రేమించు పురుషుని, స్త్రీని ప్రేమించు స్త్రీని పాపులని తిట్టువారితో నాకిప్పుడు వాదము లేదు. తిట్టకయే తలుపు మూయు మర్యాదస్థులతోడనే నా వాదము. వారు చెప్పు ఆ వేరుచోటును నేను కన్నులార చూచితిని. అందులోని యొక చిన్న యింటిని నా చేతులతో మూసి వచ్చితిని. కాబట్టి దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు నాకు కొంత యధికారము కలదనుకొందును.

నా కుమారుడు అమెరికాలో మిషిగన్ రాష్ట్రమున, డిట్రాయిటు ప్రాంతమున ఉద్యోగము చేయుచున్నాడు. అతని జీవితసహచరుడు ఆ దేశపువాడే, ఆసుపత్రిలో నర్సు. వారిరువురును నాలుగేండ్ల క్రిందట కౌంటీ కచేరీలో చట్టప్రకారము వివాహమాడిరి. నేను పోలేదు. మోకాళ్ల నొప్పి యని చెప్పితిని. మోకాళ్ల నొప్పి నిజమే. కాని కారణమది కాదు. నిరుడు ఏప్రిలు నెలాఖరున, సందర్శకులకిచ్చు ఆరు నెలల గడువుతో, మొదటిసారి వారి యింటికి పోయితిని. అల్లుడనవలెనో కొడుకనవలెనో నాకు తెలియని ఆ పిల్లవాడు విమానాశ్రయమున నా పెట్టె నందుకొని “అమ్మా” యని పిలిచెను. అతనికి వచ్చిన తెలుగుమాట అదియొక్కటియే.

ఆ రాష్ట్రపు పడమటి యంచున మిషిగన్ సరస్సు కలదు. ఆవలి యొడ్డు కానరాదు. చూచినవారు సముద్రమనియే భ్రమింతురు. దాని దాపున సాగటక్, డగ్లస్ అను జంటయూళ్లున్నవి. 1910లో అచ్చట ఆక్స్‌బో యను చిత్రకళా పాఠశాల వెలసినది. నాటినుండియు చిత్రకారులు వేసవికి వచ్చుచుండు చోటది. స్వలింగ ప్రేమికులు వెరపు లేక తిరుగదగిన యూళ్లని వానికి చిరకాలముగ పేరు. ఆ ప్రాంతముననే చెట్ల నడుమ, చుట్టును ఎత్తయిన చెక్కకంచె గల యొక క్యాంపుగ్రౌండున నా పిల్లలు తమ క్యాంపరును నిలుపుకొన్నారు. క్యాంపరనగా చక్రములపై నున్న చిన్న యిల్లు. పడక, పొయ్యి, స్నానపుగది, నీటితొట్టి, అన్నియు నందే యిమిడియుండును. మే మొదలు అక్టోబరు నడుమ వరకు శనివారము శనివారము మూడు గంటలు ప్రయాణముచేసి వారచ్చటికి పోవుదురు. నన్నును తీసికొనిపోయిరి.

ఏమేమో చూతునని భయపడి పోయితిని. చూచినదేమి? తొట్లలో టమాటో మొక్కలు, దండెములపై తువాళ్లు, చీకటిపడగనే నెగడి చుట్టును కుర్చీలు. ముప్పదియేండ్లు కలిసి కాపురము చేసిన యిద్దరు వృద్ధస్త్రీలు అరుగుపై కూర్చుండి, ఒకరి మోకాలికి ఒకరు మందు రాచుకొనుచుండిరి. నా మోకాలికిని రాచిరి. మగపిల్లవానిగ పుట్టి, తాను స్త్రీనని యెరిగి, ఆ మాట చెప్పినందుకు తండ్రిచే నింటినుండి వెడలగొట్టబడిన యిరువదేండ్ల పిల్ల నా పులిహోరను రెండవమారు అడిగి పెట్టించుకొనెను. అచ్చట నందరును ఆ పిల్లను తాను కోరుకొన్న పేరుతోనే పిలుచుచుండిరి. ఘోరములను చూడబోయిన నాకు కానవచ్చినవి కాపురములు!

అక్టోబరు రెండవ వారమున క్యాంపరు మూయు పని పడినది. ఆ సీమలో శీతకాలము మాటలతో పోవునది కాదు. నీరు గడ్డకట్టునపుడు నూటికి తొమ్మిది పాళ్లు ఉబ్బును. గొట్టములో నిలిచిన గిద్దెడు నీరైనను గడ్డకట్టి గొట్టమును చీల్చును. అందుచేత మొదట మంచినీటి తొట్టిని, పిమ్మట మురుగు తొట్లను ఖాళీచేసితిమి. వేడినీటి పాత్ర చల్లారినదాక నిలిచి దాని బిరడా విప్పితిమి. తరువాత పిల్లవాడు గులాబీరంగు ద్రవమును పంపుతో గొట్టములలోనికి ఎక్కించుచుండగా, నేను కుళాయిల నొక్కొక్కటిగ విప్పుచు, గులాబీరంగు కనబడగనే కట్టుచు వచ్చితిని. కార్లలో పోయు పచ్చరంగు ద్రవము విషమట, దానిని వాడగూడదు. వెలుపలి పందిరిగుడ్డను తడి యారినపిమ్మటనే చుట్టవలెను. లేనిచో బూజు పట్టును. బ్యాటరీ నూడదీసి యింటికి కొనిపోవలెను. గ్యాసు కట్టివేయవలెను. గింజ యొక్కటి మిగిలినను ఎలుకలు వచ్చును గనుక డబ్బాలన్నియు దులిపి, గొట్టములు దూరిన సందులలో ఇనుపపీచు కుక్కితిమి. శీతలపేటిక తలుపు తెరచియుండునట్లు గుడ్డ నొకదానిని మడిచి పెట్టితిమి. ఇందులో నాకు కొత్తయేమియు లేదు. ఊరికి పోవునపుడు ఇల్లు సర్దిపెట్టుకొను ఆడవారికందరికిని తెలిసిన పనియే.

తెలియనిది తరువాత వచ్చినది. గోడపై వారి పెండ్లిపటము కలదు. నా కుమారుడు దానిని మేకునుండి తీసి, తువాలలో చుట్టి, పెట్టెలో నుంచి, పెట్టెపై “బీరువా” యని వ్రాసెను. బీరువా యేల యని అడిగితిని. అతడు తల యెత్తలేదు. “డిట్రాయిటు ఇంటిలో దీని చోటదే గదమ్మా” యనెను. నాకప్పుడు జ్ఞాపకము వచ్చినది. ఆ ప్రాంతమున తెలుగువారు మెండు. వ్రతములకు, పుట్టినరోజులకు రాకపోకలు కలవు. మా చుట్టములును కలరు. “ఎవరైన వచ్చునపుడు ఆ పటము కనబడనీయకు నాయనా, అడిగినచో ఇల్లు పంచుకొన్న స్నేహితుడని చెప్పుము” అని నాలుగేండ్ల క్రిందట ఫోనులో చెప్పినది నేనే. తల్లి మాట జవదాటని కుమారుడని మురియవలెనా? ఐదు నెలలు గోడపై, ఏడు నెలలు బీరువాలో! నేను వారి యింట దిగిన నాటినుండియు ఆ బీరువాలో చీరలు పెట్టుకొనుచునే యుంటిని. అడుగుఅరలో నేమున్నదో చూడలేదు.

మా ప్రక్కచోటున పనిమానిన బడిపంతులొకరు కలరు. నల్లజాతివారు, డెబ్బది దాటినవారు. వారును తమ క్యాంపరును మూసికొనుచుండిరి. ఈ కంచె దేనికని వారినడిగితిని. వారు నవ్వి, తమ తాతయు అవ్వయు వేసవికి పోవుచుండిన ఐడిల్‌వైల్డు సంగతి చెప్పిరి. ఆ యూరును ఆ రాష్ట్రముననే కలదు. 1912లో వెలసినది. తెల్లవారి సత్రములలో, సరస్సు రేవులలో నల్లవారిని రానీయని దినములవి. అందుచే వైద్యులు, న్యాయవాదులు, కార్మికులు నచ్చట తలకొక తుండు నేల కొనుక్కొని, వేసవిలో నెల రెండు నెలలు తలయెత్తుకొని తిరుగుచుండిరి. ప్రసిద్ధుడైన డుబాయిస్ పండితునకును అచ్చట నేల యుండెడిది. దారిలో నే సత్రము తమను రానిచ్చునో తెలిసికొనుటకు వారికి 1936 మొదలు “గ్రీన్ బుక్” అను దారిపుస్తకము వెలువడుచుండెడిది. 1960ల నడుమ స్వలింగ ప్రేమికులకును అట్టి దారిపుస్తకమే యొకటి పుట్టినది. 1964లో పౌరహక్కుల చట్టము వచ్చి తక్కిన సత్రముల తలుపులు తెరచుకొనగనే ఐడిల్‌వైల్డు సందడి తగ్గిపోయినది. “మా తాతల యూరికి కంచె లేదు. తక్కిన యూళ్లన్నిటికిని ఉండెడిది” అని ఆ పంతులుగారనిరి.

చదువరులారా! ఈ యొక్క వాక్యమునకు సమాధానము చెప్పుడు. వారే వేరుగ పోయిరి, వారే కంచె కట్టుకొనిరి యని మనమనుచున్నాము. లోపల నున్నది లోపలివారి చెక్కయే. మేకులు కొట్టించినది వెలుపలివారు. వాకిట నిలువవలదని మనము చెప్పిన మాటయే దూరమునకు పోయి కంచె యైనది.

“తమవారితో తాము కూడుట యందరికిని సహజమే గదా! తెలుగువారు మాత్రము అమెరికాలో సంఘములు పెట్టుకొని సంక్రాంతికి ఒకచోట చేరుటలేదా?” అని కొందరు అడుగుదురు. చేరుచున్నారు; చేరవలసినదే. కూడుటలో తప్పు లేదు. కూడినవారు విడిపోవునాడు ఏమి మూటగట్టుదురో చూడవలెను. సంక్రాంతి సభ ముగిసినపిమ్మట తెలుగువాడు తాను తెలుగువాడనను సంగతిని పెట్టెలోనుంచి తాళము వేసికొని పోవుటలేదు. భార్యను పొరుగింటివారికి స్నేహితురాలని చెప్పుటలేదు. కంచె దాటగనే పెనవేసిన చేతులను విడదీసికొనుటలేదు. ఆ క్యాంపుగ్రౌండు ద్వారమువద్ద నేను నిలిచి చూచితిని. కారు రోడ్డెక్కునంతలో ఆ వృద్ధస్త్రీలు ఇరువురును చేతులు వదలుకొనిరి. వారికెవరును చెప్పలేదు. ముప్పదియేండ్ల అలవాటది. పండుగకును, తలదాచుకొనుటకును భేదము ఆ చేతులలో నున్నది.

“ఇది పాశ్చాత్యుల జాడ్యము; మనకేల?” యనువారు మరికొందరు. బృహన్నలను, శిఖండిని హరికథలలో విని చప్పట్లు కొట్టినవారమే ఈ మాట యనుచున్నాము! మన దేశమున నిట్టివారిని నేరస్థులుగ చేసిన 377వ సెక్షను 1860నాటి ఇంగ్లీషువారి శిక్షాస్మృతిలోనిది. వయస్సు వచ్చినవారి సమ్మతి గల ప్రేమ నేరము గాదని 2018 సెప్టెంబరు 6న తీర్పుచెప్పినది మన సుప్రీముకోర్టు. దిగుమతియైనది ప్రేమ గాదు; శిక్ష.

“చట్టము వచ్చినది గదా, ఇంకను ఏమి కావలెను?” అనువారు వేరొకరు. అమెరికాలో 2015లో వివాహపు హక్కు వచ్చినది. మిషిగన్ రాష్ట్రపు పౌరహక్కుల చట్టము 1976నాటిది. స్వలింగ ప్రేమికులను, ట్రాన్స్‌జెండరు వారిని అందులో స్పష్టముగ చేర్చుటకు 2023 పట్టినది. ఆ యేడే అక్టోబరు 17న మన సుప్రీముకోర్టు ఇట్టి వివాహమును గుర్తింప నిరాకరించినది. చట్టము కచేరి తలుపు తెరవగలదు, ఉద్యోగము నిలుపగలదు. మా యింటి బీరువా తలుపు తెరచు చట్టము ఏ శాసనసభయు చేయజాలదు. ఆ తాళపుచెవి నా కొంగున నున్నది.

ఇక కడపటి యాక్షేపణ. నిజముగ మనలను వణికించునది యిదియొక్కటియే. “చెల్లెలి పెండ్లి యెట్లగును? నలుగురిలో తలయెత్తుకొనుట యెట్లు?” ఈ ప్రశ్నను నేను పరిహసింపను. నేనును ఆడపిల్ల తల్లినే. కాని, అన్నను దాచి చేసిన చెల్లెలి పెండ్లిలో ఆ యన్న యెచ్చట కూర్చుండును? దాచిన సంగతి పెండ్లియైన మరునాటినుండి ఆ పిల్ల మెడకు చుట్టుకొనదా? అన్న యున్నాడను మాట విని వెనుదిరుగు సంబంధము ముందుగనే వెనుదిరుగుట మేలు కాదా? నలుగురు నలుగురని మనము భయపడు ఆ నలుగురిలో మనమొక్కరము గామా? మనమొక్కరము మాట మార్చినచో మిగులువారు ముగ్గురే.

గొట్టములో విడిచిన నీటి సంగతి మొదటనే చెప్పితిని. ఇండ్లలో మాటలును అట్టివే. నాలుగేండ్లు నా కుమారుడు నాతో ఫోనులో వంటను గూర్చి, వానను గూర్చి, నా మందులను గూర్చి మాటలాడినాడు. తన సంసారమును గూర్చి యొక్కమాటయు చెప్పలేదు. చెప్పనీయలేదు నేను. మా యిద్దరి నడుమ నేదో చీలినదని ఆ క్యాంపరులో, చేతిలో ఇనుపపీచుతో కూర్చుండి, తెలిసికొంటిని.

ఆ పెట్టెను డిట్రాయిటు చేరనీయలేదు. “అది నాకిమ్ము నాయనా, ఊరికి కొనిపోవుదును” అని అడిగితిని. అతడు కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట తువాలతోనే నా చేతికిచ్చెను. డిట్రాయిటు ఇంటికి వేరొకటి పెద్దదిగ అచ్చువేయించి, మెట్లయెదుట మేకు కొట్టించి మరి విమానమెక్కితిని.

ఇప్పుడా పటము రాజమహేంద్రవరమున మా ముందుగదిలో, మావారి పటము ప్రక్కన నున్నది. వచ్చినవారు చూతురు, అడుగుదురు. “మా అబ్బాయి, వాని జతగాడు” అని చెప్పుదును. ఇద్దరు రాకపోకలు మానుకొనిరి. పొరుగింటి ముసలమ్మ మాత్రము కళ్లద్దములు పెట్టుకొని దగ్గరగ చూచి, “పిల్లలిద్దరును బాగున్నారు, ఆ రెండవవాడు మరీ చిక్కినట్లున్నాడు” అని కాఫీ త్రాగిపోయినది.

సంస్కారము సభలలో వినిపించునది కొంత. ముందుగదిలో కనబడునది కొంత. నాకు రెండవదానిపైననే గురి. వచ్చు మే నెలలో ఆ క్యాంపుగ్రౌండు తలుపులు తెరతురు. దూరమున నున్న ఆ కంచెను మనము పీకజాలము. మనము కొట్టిన మేకులు మన గోడలలోనే యున్నవి. మీ యింటి బీరువాలో అడుగుఅరను ఒకమారు చూచుకొనుడు.