బాంబు మ్యూజియంలో ఉంది, మనుషులెక్కడ?

వైజాగ్ చూడ్డానికి ఫ్రెండ్స్ వస్తే బీచ్ రోడ్డు ప్లాన్ ఎవరికైనా ఒకటే. కురుసుర సబ్‌మెరైన్ ఎక్కాలి, టీయూ-142 విమానం చూడాలి, 'విక్టరీ ఎట్ సీ' స్తంభం దగ్గర ఫొటో దిగాలి, చివర్లో మురీ మిక్చర్ తినాలి. 1971 యుద్ధం గురించి ఇక్కడ స్కూలు పిల్లాణ్ని అడిగినా చెప్పేస్తాడు. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగింది మన తీరంలోనే కదా. అప్పటికీ తెలియనివాళ్లకు 2017లో రానా సినిమా చెప్పేసింది.

అదే రోడ్డులో విశాఖ మ్యూజియం ఉంది. పాత డచ్ బంగళా. అందులో ఒక బాంబు పెట్టారు. పేలని బాంబు, బరువు 250 పౌండ్లు, అంటే 113 కిలోల పైమాటే. ఇది పాకిస్తాన్‌ది కాదు. జపాన్‌ది. 1971ది కూడా కాదు, దానికి 29 ఏళ్ల ముందుది.

"జపాన్ మన మీద బాంబులేసిందా? ఎప్పుడు?" అని నా టీమ్‌లోనే ముగ్గురు అడిగారు. ముగ్గురూ ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లే. ఈ వారం కాలమ్ వాళ్లకి, వాళ్లలాంటి మీకు.

ఏప్రిల్ 6, సోమవారం

ముందు సీన్ అర్థం చేసుకుందాం. 1941 డిసెంబర్ 7న జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేసింది. హాలీవుడ్ పుణ్యమా అని అది అందరికీ తెలుసు. ఆ తర్వాత మూడు నెలల్లో ఏం జరిగిందో మాత్రం మన సిలబస్‌లో ఒక లైన్‌తో సరి. మలయా పోయింది, సింగపూర్ పోయింది. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతిలోకి వెళ్లింది. మార్చి 23న పోర్ట్ బ్లెయిర్. ఇవాళ మన హార్బర్‌లో ఓడ ఎక్కి అండమాన్ వెళ్తుంటాం కదా, ఆ పోర్ట్ బ్లెయిరే. అంటే బంగాళాఖాతానికి అవతలి ఒడ్డంతా రెండు మూడు నెలల్లో చేతులు మారిపోయింది.

ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం నాడు జపాన్ నౌకాదళం కొలంబో మీద దాడి చేసింది. అదే సమయంలో అడ్మిరల్ ఒజావా నడిపిన ఇంకో దళం బంగాళాఖాతంలో ఒడిశా, ఆంధ్ర తీరాల పొడవునా సరుకు ఓడల్ని వేటాడింది. ఆ దళంలో ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక ఉంది. ఏప్రిల్ 6, సోమవారం నాడు దాని విమానాలే విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులేశాయి.

విశాఖే ఎందుకు? మన హార్బర్‌కి అప్పటికి తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. 1933 అక్టోబర్‌లో మొదటి ఓడ లోపలికి వచ్చింది, డిసెంబర్‌లో వైస్రాయ్ విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు. కలకత్తాకీ మద్రాసుకీ మధ్య పెద్ద ఓడలు లోపలికొచ్చి నిలబడగలిగే చోటు ఇదే. పక్కనే సింధియా షిప్‌యార్డు. వాల్‌చంద్ హీరాచంద్ కంపెనీ కట్టిస్తుంటే 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మన డబ్బుతో, మన వాళ్లతో ఓడలు కట్టే యార్డు అన్నమాట. పునాదిరాయి పడిన పది నెలలకే బాంబు పడింది.

లండన్ మీద పడినన్ని బాంబులు ఇక్కడ పడలేదు. అయినా ఊరు ఊరంతా కదిలిపోయింది. జనం మూటాముల్లె కట్టుకుని లోపలి పల్లెలకి వెళ్లిపోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకి తరలించారు. షిప్‌యార్డు పని ఆగింది. మద్రాసులో భయం ఇంకో లెవెల్లో ఉంది. జపాన్ సైన్యం దిగబోతోందన్న అంచనాతో ఆఫీసుల్ని లోపలి ఊళ్లకు పంపేశారు. బాంబు పడితే బోనుల్లోంచి బయటికొస్తాయేమోనని జూలో క్రూరమృగాల్ని కాల్చి చంపించారు.

ఇక సముద్రం మీద ఆ ఒక్కరోజే దాదాపు ఇరవై సరుకు ఓడలు మునిగాయి. వాటిలో మాల్దా, ఇండోరా అనే రెండు ఓడలు బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీవి. ఆ కంపెనీ పేరు ఒక్క నిమిషం గుర్తుపెట్టుకోండి. మన అసలు కథ ఆ కంపెనీ టికెట్ మీదే ఉంది.

రంగం అంటే స్టేజీ కాదు

ఉత్తరాంధ్రలో పాతతరం వాళ్ల మాటల్లో 'రంగం' అని వినిపిస్తుంది. "ఆయన రంగం ఎళ్లిపోనాడు" అంటారు. మా అమ్మమ్మ నోట ఆ మాట విన్నప్పుడు ఎవరో నాటకాల్లో చేరారేమో అనుకునే వయసు నాది. రంగం అంటే రంగూన్. ఇప్పటి యాంగాన్.

అప్పటి విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల పల్లెలకి రంగం అంటే ఇప్పటి మన గల్ఫ్ లాంటిది. వానలు ఫెయిలైతే, అప్పు తీరకపోతే, భూమి లేకపోతే రంగమే దిక్కు. భీమిలి, కళింగపట్నం, బారువ, కాకినాడ, విశాఖ తీరాల్లో ఆగుతూ వెళ్లే స్టీమర్లు ఉండేవి. నడిపేది ఆ బ్రిటిష్ ఇండియా కంపెనీయే. కూలీకి దొరికేది డెక్ మీద చోటు. ముందుగా మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు, ముఠా కట్టించి ఓడ ఎక్కిస్తాడు, అక్కడ దిగాక కూలి డబ్బుల్లోంచి ఆ అప్పు కోసుకుంటాడు. కన్సల్టెన్సీకి డబ్బులు కట్టి ఫారిన్ వెళ్లిన ఫ్రెండ్స్ మీకూ ఉండి ఉంటారు. లెక్క అర్థమయ్యే ఉంటుంది.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగువాళ్లు లక్షన్నరకి పైగా ఉన్నారు. రంగూన్ నగరంలో సగానికి మించి భారతీయులే. అందులో రేవులో బస్తాలు మోసేవాళ్లు, బియ్యం మిల్లుల్లో పనిచేసేవాళ్లు, రిక్షా లాగేవాళ్లు చాలామంది మనవాళ్లు. వాళ్లని అక్కడ 'కోరంగీలు' అనేవారు. కాకినాడ పక్కన మడ అడవుల్లో బోటు షికారు చేస్తాం చూడండి, ఆ కోరంగి రేవు పేరే లక్షన్నర మందికి ఇంటిపేరైపోయింది.

1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల పని చూసే కంపెనీలు బర్మా కూలీల్ని పెట్టుకున్నాయి. సమ్మె తీరగానే వాళ్లని పొమ్మని తెలుగువాళ్లని మళ్లీ రమ్మన్నాయి. ఇద్దరు పేదవాళ్ల మధ్య నిప్పు పెట్టడానికి ఇంతకంటే ఏం కావాలి? మే 26న మొదలైన గొడవల్లో వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది భారతీయులే. కంపెనీలకి మాత్రం చౌకగా కూలీలు దొరుకుతూనే ఉన్నారు.

ఆపింది జపాన్ కాదు

1941 డిసెంబర్ 23. రంగూన్ మీద జపాన్ బాంబులు. ఆ రోజు రేవులో, వీధుల్లో చనిపోయినవాళ్లలో మన కూలీలు చాలామంది. బతికినవాళ్లు కాలినడకన ఉత్తరానికి బయల్దేరారు. అప్పుడు జరిగింది చదివితే ఒళ్లు మండుతుంది. ప్రోం అనే ఊరి దగ్గర ఐరావతి నది దాటాలి. అక్కడ అధికారులు జనాన్ని అడ్డుకున్నారు. కూలీలు పోతే రేవు ఆగిపోతుంది, రేవు ఆగితే యుద్ధ సామాగ్రి దిగదు. కాబట్టి వెనక్కి వెళ్లి పని చేయండి అన్నారు. ఆపింది శత్రువు కాదు, వాళ్లని పాలిస్తున్న సర్కారే.

ఓడల్లో చోటు డబ్బున్నవాళ్లకి, తెల్లవాళ్లకి ముందు దొరికింది. రంగూన్ పడిపోయాక సముద్రం దారి కూడా మూసుకుపోయింది. మిగిలింది నడకే. ఒకటి అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ వైపు. ఇంకొకటి చింద్విన్ నది మీదుగా మణిపూర్ వైపు. మరొకటి హుకాంగ్ లోయ గుండా అస్సాంలోని లీడో వైపు. బురద, జలగలు, కలరా, మలేరియా. చరిత్రకారుల అంచనాల్లో నడిచి, ఓడలెక్కి భారత్ చేరినవాళ్లు నాలుగైదు లక్షలు. దారిలో చనిపోయినవాళ్ల సంఖ్య పదివేల నుంచి ఎనభై వేల దాకా ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు.

ఈ చివరి లైన్ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పదివేలకీ ఎనభై వేలకీ మధ్య తేడా డెబ్భై వేలు. మా పనిలో డేటాబేస్‌లో డెబ్భై వేల రికార్డులు కనపడకపోతే రాత్రికి రాత్రి టీమ్ మొత్తాన్ని లేపుతారు. ఇక్కడ డెబ్భై వేల మనుషులు ఉన్నారో లేరో కూడా తేలలేదు, ఎవర్నీ ఎవరూ లేపలేదు. లెక్కపెట్టడం చేతకాక కాదు. బియ్యం బస్తాలకి లెక్క ఉంది, టన్నుల్లో ఉంది. బస్తా మోసినవాడికి లేదు.

తెల్లవాళ్లకి ఒక దారి, నల్లవాళ్లకి ఒక దారి పెట్టారన్న ఆరోపణ అప్పుడే దేశమంతా పాకింది. నెహ్రూ అస్సాం వెళ్లి శరణార్థుల్ని చూసి వచ్చి గట్టిగా విమర్శించారు. అలహాబాద్‌లో కాంగ్రెస్ దాని మీద తీర్మానమే చేసింది. కొద్ది నెలలకే క్విట్ ఇండియా. ఆ కోపం వెనక ఈ నడక కూడా ఉందని మా స్కూల్లో ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు రెండు సీన్లూ పక్కపక్కన పెట్టి చూడండి. 1942 ఏప్రిల్ మొదటి వారం. విశాఖ జనం బాంబులకి భయపడి ఊరొదిలి పోతున్నారు. అదే వారం ఇదే జిల్లాల మనుషులు బర్మా కొండల్లో నడుస్తూ ఇటు వస్తున్నారు. సముద్రానికి ఇటూ అటూ ఒకే ఊరివాళ్లు పరిగెడుతున్నారు. యుద్ధం రెండు సామ్రాజ్యాలది. ఒకటి బ్రిటన్, ఇంకొకటి జపాన్. ఆసియా ఆసియావాళ్లకే అన్న జపాన్ సయాం-బర్మా రైల్వే కట్టించడానికి మలయా తోటల్లోని తమిళ, తెలుగు కూలీల్ని తోలుకెళ్లింది, వేలమంది అక్కడే రాలిపోయారు. జెండా మారినా బస్తా భుజం మారలేదు.

శత్రువు కస్టమర్ అయ్యాడు

తర్వాత? షిప్‌యార్డు మళ్లీ లేచింది. 1948 మార్చి 14న నెహ్రూ 'జల ఉష' ఓడని ఇక్కడే నీళ్లలోకి వదిలారు. 1960లో జపాన్ ఉక్కు కంపెనీలతో బైలదిల్లా ఇనుప ఖనిజానికి ఒప్పందం కుదిరింది, ఏడాదికి 40 లక్షల టన్నులు. దానికోసమే కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం వేశారు. మనం అరకు వెళ్తూ రీల్స్ తీసుకునే సొరంగాలు ఆ లైన్‌వే. బాంబు పడిన పాతికేళ్ల లోపే అదే హార్బర్ నుంచి జపాన్‌కి ఇనుప రాయి వెళ్లింది. ఇందులో తప్పేం లేదు, దేశాల మధ్య స్నేహం మంచిదే. దేశాలు ఒప్పందం చేసుకున్నంత తేలిగ్గా కుటుంబాలకి లెక్క తీరదు, అంతే.

ఎందుకంటే రంగం కథ 1942తో అయిపోలేదు. యుద్ధం తర్వాత కొందరు మళ్లీ వెళ్లారు, కొందరు అక్కడే ఉండిపోయారు. 1962లో నె విన్ సైన్యం బర్మాలో అధికారం పట్టుకుంది. దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేసింది. లక్షల మంది భారతీయులు మళ్లీ బయటపడ్డారు. కంచరపాలెం వైపు వెళ్తే బర్మా క్యాంప్ ఉంది. ఆటోవాడికి చెప్తే తీసుకెళ్తాడు. 'కేరాఫ్ కంచరపాలెం' మనందరం చూశాం. పక్కనే ఉన్న ఈ పేరు ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం అడగలేదు.

1971కి స్తంభం ఎందుకు ఉంది, 1942కి ఎందుకు లేదు అని ఆలోచిస్తే నాకు తట్టింది ఇది. 1971 మన దేశం గెలిచిన యుద్ధం. దానికి ఓనర్ ఉన్నాడు. నేవీ ఉంది, ప్రభుత్వం ఉంది, విన్యాసాలు ఉన్నాయి. అవి ఉండాలి కూడా. 1942కి ఓనర్ లేడు. బ్రిటిష్‌వాళ్లు వెళ్లిపోయారు, జపాన్ ఓడిపోయింది, నడిచొచ్చిన కూలీకి స్తంభం కట్టే స్తోమత లేదు. అందుకే బాంబుకి మ్యూజియంలో చోటు దొరికింది కానీ బర్మా నుంచి నడిచినవాళ్లకి బీచ్ రోడ్డులో ఒక పలక కూడా దొరకలేదు.

పలక వేయించడం మన చేతిలో లేకపోవచ్చు. రికార్డర్ మాత్రం జేబులోనే ఉంది. బర్మా నడకని స్వయంగా చూసినవాళ్లు ఇప్పుడు తొంభైలకి అటూ ఇటూ ఉంటారు. 1960ల్లో పిల్లలుగా ఓడ దిగినవాళ్లు మాత్రం మన చుట్టుపక్కలే ఉన్నారు, డెబ్భై దాటినవాళ్లు. "తాతా, మీవాళ్లు రంగం ఎప్పుడెళ్లారు? ఏ రేవులో ఎక్కారు? మేస్త్రీ ఎవరు? తిరిగొచ్చేటప్పుడు ఎవరు తప్పిపోయారు?" ఈ నాలుగు ప్రశ్నలు చాలు. పేరు, ఊరు, ఏడాది రాసి పెట్టండి. ఫోన్‌లో ఒక కాపీ, ఇంకో చోట ఒక కాపీ. ట్రంకు పెట్టెలో పాత పాస్‌బుక్కో, బర్మా కాగితమో ఉంటే ఫొటో తీయండి, పారేయనివ్వకండి.

పదివేలా ఎనభై వేలా అన్న ప్రశ్నకి మనం జవాబు చెప్పలేం. మన వీధి వరకూ ఎంతమందో మాత్రం చెప్పగలం. వచ్చే ఏప్రిల్ 6 లోపు ఒక్క పేరైనా రాయండి.